మన సీమ ఎండల్లో ఇంట్లోనే బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము కడుక్కోవడం ఎట్లా

ఫిల్ము మీద బొమ్మని తేల్చే మందు, అంటే డెవలపర్, దాని ఏ ప్యాకెట్ మీద చూసినా, ఏ ఫిల్ము డబ్బాలోని కాగితం తీసినా 20 డిగ్రీలు అనే రాసుంటాది. అనంతపురంలో మే నెల మధ్యాహ్నం మిద్దె మీద సింటెక్స్ ట్యాంకు నుంచి వచ్చే నీళ్లల్లో చెయ్యి పెట్టలేం, అట్లాంటిది 20 డిగ్రీల నీళ్లు యాడ నుంచి తెచ్చేది అని చానామంది అక్కడే ఆగిపోతారు. కెమెరా కొంటారు, రెండు రోల్స్ కొడతారు, కడిగించడానికి బెంగళూరుకో హైదరాబాదుకో కొరియర్ చేస్తారు, ఆ ఖర్చు, ఆ ఎదురుచూపు చూసి కెమెరా బీరువాలో పెట్టేస్తారు. నాకు అది చూస్తే బాధగా ఉంటాది. ఎందుకంటే బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము మన ఊళ్లలో మామూలు ఇంట్లో, ఏసీ లేకుండా, శుభ్రంగా కడుక్కోవచ్చు. వేడిని అదుపులో పెట్టుకోవడం ఒక్కటి వస్తే మిగతాదంతా గడియారం చూసుకుంటూ పోసి పారబోసే పనే.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఫిల్ము కడగడానికి డార్క్‌రూమ్ అక్కర్లేదు. ఫిల్ముని డబ్బీలోంచి తీసి రీల్‌కి, అంటే ఫిల్ము చుట్టుకునే గాడుల చక్రానికి, ఎక్కించి వెలుగు చొరబడని చిన్న ట్యాంకులో పెట్టి మూత వేసేదాకా మాత్రమే చీకటి కావాలి, తర్వాత అంతా లైటు వేసుకునే చేయొచ్చు. ఎర్ర లైటు అనేది ఫోటో పేపర్ మీద ప్రింట్లు వేసేటప్పటి సంగతి, ఈ రోజు దొరికే మామూలు ఫిల్ములకి ఎర్ర లైటు కూడా తగలకూడదు, అవి అన్ని రంగుల వెలుగుకీ స్పందిస్తాయి.

కావాల్సిన సామాను పెద్దగా లేదు. పాటర్సన్ లాంటి ప్లాస్టిక్ ట్యాంకు, దానిలోకి రీల్, చేంజింగ్ బ్యాగ్ (చేతులు మాత్రం దూర్చి చీకట్లో పని చేసుకునే నల్ల సంచి) ఉంటే మంచిది, కొలిచే జార్లు రెండు మూడు, నల్లటి లేదా గోధుమ రంగు సీసాలు, కత్తెర, సోడా మూత తీసే ఓపెనర్, బట్టల క్లిప్పులు. థర్మామీటర్ మాత్రం జ్వరం చూసేది పనికిరాదు, అది 30 పైన ఎక్కడో మొదలవుతాది, మనకి కావాల్సింది 20, 25 మధ్య. కాలేజీ ల్యాబులకి సామాన్లు అమ్మే షాపుల్లో మైనస్ 10 నుంచి 110 దాకా ఉండే గాజు థర్మామీటర్ దొరుకుతాది, అది తీసుకోండి, పాదరసం కాకుండా ఎర్ర స్పిరిట్ ఉన్నదైతే పగిలినా భయం లేదు. ఇంకొక్క మాట, వంటింటి గిన్నెలు, గ్లాసులు, గరిటెలు దీనికి వాడొద్దు, దీనికి వాడినవి మళ్లీ వంటింట్లోకి పోకూడదు. పిల్లలున్న ఇల్లైతే సీసాల మీద పెద్దక్షరాలతో పేరు రాసి పైన అటకలో పెట్టండి.

డెవలపర్‌గా డి-76 తో మొదలుపెట్టమని చెప్తాను, ప్యాకెట్ దొరికితే సరే, దొరక్కపోతే ల్యాబ్ కెమికల్స్ షాపులో విడిగా కొని కలుపుకోవచ్చు. లీటరుకి లెక్క ఇది: మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ (నీరు లేని పొడి రకం) 100 గ్రాములు, హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. బోరాక్స్ అంటే కంసాలులు వాడే వెలిగారమే, కానీ బజారులో దొరికే దాంట్లో మలినాలుంటాయి కాబట్టి దీన్ని కూడా ల్యాబ్ షాపులోనే తీసుకోండి. 750 ఎంఎల్ నీళ్లు 50 డిగ్రీలు దాటేలా వేడి చేసి, ముందు ఒక చిటికెడు సల్ఫైట్ వేసి, తర్వాత మెటాల్ వేసి పూర్తిగా కరిగాకే మిగతా సల్ఫైట్ వేయాలి, ఎందుకంటే సల్ఫైట్ అంతా ముందే వేసేస్తే మెటాల్ కరగక మొండికేస్తాది. ఆ తర్వాత హైడ్రోక్వినోన్, వెలిగారం, చివరికి లీటరు అయ్యేదాకా నీళ్లు. మెటాల్ కొందరి చర్మానికి పడదు, దురదలు, దద్దుర్లు వస్తాయి, కాబట్టి గ్లౌజులు వేసుకోండి, పొడులు తూచేటప్పుడు మాస్కు పెట్టుకోండి, ఫ్యాను ఆపేయండి. రాత్రి కలిపి పెట్టి మర్నాడు వాడుకుంటే బాగుంటాది. సీసా నిండుగా ఉంటే నెలల తరబడి నిలవుంటాది, సగం ఖాళీ అయితే లోపలి గాలికి తొందరగా చెడిపోతాది, అందుకే వాడేకొద్దీ శుభ్రంగా కడిగిన గాజు గోలీలు వేసి మట్టం మూతి దాకా తెచ్చుకోవడం మంచిది.

ఫిక్సర్ అంటే తేలిన బొమ్మ తర్వాత వెలుగుకి చెడకుండా నిలబెట్టే మందు. రెడీమేడ్ ర్యాపిడ్ ఫిక్సర్ కొంటే 1+4, అంటే ఒక వంతుకి నాలుగు వంతుల నీళ్లు కలుపుకోవాలి, ఇల్‌ఫోర్డ్ వాళ్లదైతే 2 నుంచి 5 నిమిషాల్లో పనైపోతాది. లేదా పాత స్టూడియో పద్ధతిలో హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్ పలుకులు, లీటరుకి 240 గ్రాములు, కొంచెం సల్ఫైట్ కలిపి. మన ఊళ్లలో ఒకప్పటి స్టూడియోలవాళ్లని, ఊటీ హిందూస్తాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ల ఇందు ఫిల్ములు వాడినవాళ్లని అడగండి, హైపో అనగానే మొహం వెలిగిపోతాది. హైపో కరిగేటప్పుడు నీళ్లల్లోంచి వేడిని లాగేసుకుంటాది, జార్ బయట చెయ్యి పెట్టి చూస్తే చల్లగా తగులుతాది, కాబట్టి కొంచెం వేడి నీళ్లతోనే మొదలుపెట్టండి, లేకపోతే అడుగున పలుకులు అట్లాగే కూర్చుంటాయి. ఇది ర్యాపిడ్ ఫిక్సర్ కంటే నిదానం, 10 నిమిషాల దాకా పట్టొచ్చు.

ఇక నీళ్లు. మన బోరు నీళ్లు ఎట్లాంటివో స్టీలు బిందె లోపల పట్టిన తెల్ల పొర చూస్తే తెలిసిపోతాది, ఆ పొరే ఫిల్ము మీద ఆరితే మచ్చలై కూర్చుంటాది, తర్వాత రుద్దితే గీతలు పడతాయి. డెవలపర్ కలపడానికి ఆర్ఓ వాటర్ క్యాన్ నీళ్లు వాడండి. ఆఖరి జాలింపుకి మాత్రం బ్యాటరీ వాటర్ కొనుక్కోండి, పెట్రోల్ బంకుల్లో, బ్యాటరీ షాపుల్లో లీటర్ల లెక్కన అమ్ముతారు, కొనేటప్పుడు అది నీళ్లేనని, యాసిడ్ కాదని లేబుల్ చూసి తీసుకోండి. ఒక రోల్‌కి 300 ఎంఎల్ చాలు, ఈ చిన్న ఖర్చుకి మాత్రం వెనకాడొద్దు.

ఇప్పుడు అసలు సంగతి, వేడి. 20 డిగ్రీల కోసం కొట్టుకోవద్దు, 24 పెట్టుకోండి. డెవలపర్‌కి ఒక డిగ్రీ పెరిగితే టైము పదోవంతుకి కొంచెం తక్కువగా తగ్గుతాది, అంతే, 24 లో కడిగిన ఫిల్ముకి లోపమేమీ రాదు. ఇబ్బంది ఎక్కడొస్తాదంటే, టైము 5 నిమిషాల కంటే తగ్గిపోతే పోసేటప్పుడు, తీసేటప్పుడు అయ్యే ఆలస్యం కూడా లెక్కలోకి వచ్చి నెగెటివ్ మీద ఒకచోట ముదురు, ఒకచోట లేత పడుతాది. ఉదాహరణకి ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ ఫిల్ముని కెమెరాలో 400 స్పీడు (ఐఎస్ఓ) పెట్టి తీసి, నీళ్లు కలపని డి-76 లో కడిగితే 20 డిగ్రీలకి 7న్నర నిమిషాలు, 24 కి వచ్చేసరికి 5 నిమిషాల పైచిలుకు, అంటే అంచు మీద ఉన్నాం. అదే డెవలపర్‌ని సగానికి సగం నీళ్లు కలిపి 1+1 చేస్తే 20 కి 11 నిమిషాలు, 24 కి ఏడున్నర, ఎనిమిది మధ్య పడుతాది, 26 అయినా ఆరు నిమిషాల పైనే ఉంటాది. అందుకే మన ఎండాకాలానికి 1+1 మంచిదంటాను, వాడాక పారబోసేయడమే కాబట్టి ప్రతి రోల్‌కి తాజా డెవలపర్ అన్నట్టు. కొడాక్ ట్రై-ఎక్స్ 400 అయితే 1+1 లో 20 డిగ్రీలకి 9 నిమిషాల 45 సెకన్లు, దాన్ని కూడా ఇదే లెక్కన తగ్గించుకోవచ్చు.

ఆ 24 ఎట్లా తెచ్చేదంటే, మట్టి కుండ. కోస్తా ఉక్కలో కుండ అంతగా పనిచేయదు, గాలిలోనే తేమ ఉంటాది కాబట్టి కుండ మీద చెమ్మ ఆరదు. మన దగ్గర ఏప్రిల్, మేలో గాలి ఎండిపోయి ఉంటాది, కుండ పైన ఊరిన నీరు గబగబా ఆరిపోతూ లోపలి నీళ్లని చల్లబరుస్తాది, బయట 40 దాటినా లోపల ఎంతో తక్కువుంటాది. పెద్ద కుండ ఒకటి దీనికోసమే కొని, ముందు రోజు రాత్రి నింపి, గాలి ఆడే చోట ఇసక మీద పెట్టి, చుట్టూ తడి గోనెసంచి చుట్టండి. తెల్లవారి ఆ నీళ్లు పెద్ద బేసిన్‌లో పోసి డెవలపర్, దాని పని ఆపే వెనిగర్ నీళ్లు, ఫిక్సర్, కడిగే నీళ్లు నాలుగు సీసాలూ అందులో అరగంట నిలబెట్టాలి. ఇంకా రెండు మూడు డిగ్రీలు దిగాల్సి ఉంటే ఐసు ముక్కల్ని ప్లాస్టిక్ కవర్లో ముడేసి బేసిన్ నీళ్లల్లో వేయండి, డెవలపర్లో నేరుగా ఐసు వేస్తే పలచబడిపోతాది. థర్మామీటర్ డెవలపర్ సీసాలోనే ముంచి చూడాలి, బేసిన్‌లో కాదు, రెంటికీ తేడా ఉంటాది.

డెవలపర్ 24 లో ఉండి కడిగే నీళ్లు 36 లో ఉంటే ఫిల్ము మీదున్న జెలటిన్ పొర ఒక్కసారిగా ఉబ్బి, ముడతలు పడి సన్నటి పగుళ్ల వల లాగా తయారవుతాది, దాన్ని మళ్లీ బాగుచేయడం ఎవరి వల్లా కాదు. అన్నీ ఒకే వేడిలో ఉండాలి, మహా అయితే రెండు మూడు డిగ్రీల తేడా. ట్యాంకుని కూడా చేత్తో పొదివి పట్టుకోవద్దు, మూత దగ్గర పట్టుకుని తిప్పి మళ్లీ బేసిన్‌లో పెట్టేయండి, అరచేతి వేడి కూడా లోపలికి పోతాది. చలికాలంలో ఈ తంటాలేవీ ఉండవు, సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున మిద్దె మీది ట్యాంకు నీళ్లే 20 దగ్గర్లో వస్తాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు కార్తీకం, మార్గశిరంలో మొదలుపెడితే సగం భారం తగ్గుతాది.

ఫిల్ము ఎక్కించడం గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎందుకంటే రోల్స్ ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. ఒక పాత, పనికిరాని రోల్ తీసుకుని ముందు వెలుతుర్లో, తర్వాత కళ్లు మూసుకుని, చేతులకి పట్టుబడేదాకా ఎక్కించి తీసి ఎక్కించి తీసి చేయండి. గది అయితే కిటికీ లేనిది, రాత్రిపూట, తలుపు కింద దుప్పటి దూర్చి, లోపల ఐదు నిమిషాలు ఊరికే నిలబడండి, కళ్లు అలవాటు పడ్డాక ఎక్కడెక్కడ వెలుగు కారుతోందో అప్పుడు కనబడుతుంది. ఇన్వర్టర్ మీద పచ్చ చుక్క, దోమల మెషిన్ ఎర్ర చుక్క, వైఫై డబ్బా, చేతికున్న వాచీ, జేబులో ఫోను, ఇవన్నీ తీసేయాలి. కరెంటు పోయింది కదా అని చీకట్లో మొదలుపెట్టేవాళ్లు స్విచ్ తప్పకుండా ఆఫ్ చేయండి, మధ్యలో కరెంటు వచ్చిందంటే రోల్ మొత్తం నల్లబడి పోతాది.

చేంజింగ్ బ్యాగ్ వాడితే మన ఎండలకి ఒక చిక్కుంది. చేతులు లోపల పెట్టిన ఐదు నిమిషాలకే చెమట పడుతాది, ఆ తేమకి ఫిల్ము మెత్తబడి ప్లాస్టిక్ రీల్ గాడిలో అంటుకుపోయి ముందుకి కదలదు. తెల్లారక ముందో, రాత్రి పది దాటాకో చేయండి, చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టుకోండి, రీల్ ముందు రోజు నుంచే ఎండి ఉండాలి, చెమ్మ అనేదే ఉండకూడదు. లోపల ఇరుక్కుంటే బలంగా నెట్టొద్దు, నెడితే ఫిల్ము మడతపడి అక్కడ నెలవంక ఆకారంలో నల్ల గుర్తు పడుతాది. ఫిల్ముని ట్యాంకులో పెట్టి మూత వేసి చేతులు బయటికి తీసి, ఫ్యాను కింద పది నిమిషాలు కూర్చుని, మళ్లీ మొదలుపెట్టండి.

చీకట్లో చేతులు చేసే పని ఇది. డబ్బీని ఓపెనర్‌తో అడుగు మూత లేపి తీసి, స్పూల్ (ఫిల్ము చుట్టి ఉన్న కండె) బయటికి లాగి, ఫిల్ము నాలుకని, అంటే మొదట్లో ఉండే సన్నటి కొసని, అడ్డంగా తిన్నగా కత్తిరించాలి, ఆ రెండు మూలలు కొంచెం గుండ్రంగా కోస్తే రీల్‌లోకి సాఫీగా పోతాది. ఫిల్ము అంచులనే బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని రీల్ నోట్లోకి నెట్టి, అక్కడుండే చిన్న గుండ్లు దాటించి, రీల్ రెండు పక్కల్నీ ముందుకీ వెనక్కీ తిప్పుతూ పోతే టిక్ టిక్‌మంటూ అదే లోపలికి పోతాది. చివర స్పూల్‌కి టేపుతో అంటించి ఉంటాది, అక్కడ కత్తిరించేయాలి. రీల్‌ని మధ్య గొట్టానికి తొడిగి ట్యాంకులో పెట్టి గరాటు మూత తిప్పాలి. ఆ గొట్టం పెట్టడం మరిచిపోతే మూత వేసినా లోపలికి వెలుగు పోతాది, కాబట్టి లైటు వేసే ముందు చేత్తో తడిమి చూసుకోండి.

డెవలపర్ బాగుందా లేదా అని అనుమానం ఉంటే కత్తిరించిన ఆ నాలుక ముక్కని వెలుతుర్లో దాంట్లో వేయండి, కొన్ని నిమిషాల్లో నల్లగా మారితే ప్రాణం ఉన్నట్టు. మరో ముక్కని ఫిక్సర్లో వేసి పూర్తిగా తేటపడటానికి ఎంతసేపు పట్టిందో చూసి, దానికి రెట్టింపు టైము ఫిక్స్ చేయాలి. కొత్తగా కలిపినప్పుడు పట్టిన టైముకి రెట్టింపు పడుతోందంటే ఆ ఫిక్సర్ పని అయిపోయినట్టు.

ఇక పోయడం. పాటర్సన్ ట్యాంకులో ఒక 35 ఎంఎం రోల్‌కి 290 ఎంఎల్, 120 అనే వెడల్పు రోల్‌కి 500 ఎంఎల్ కావాలి. 150 ఎంఎల్ డి-76, 150 నీళ్లు, 24 డిగ్రీలు. ఒక్క ఊపులో పోసి, గడియారం మొదలుపెట్టి, మూత బిగించి, మొదటి పది సెకన్లలో నాలుగుసార్లు తలకిందులు చేయండి, తర్వాత ట్యాంకు అడుగుని నేలకి ఒకటి రెండుసార్లు తట్టండి, ఫిల్ముకి అంటుకున్న బుడగలు ఊడతాయి, బుడగ ఉన్నచోట డెవలపర్ తగలక చుక్క మిగిలిపోతాది. ప్రతి నిమిషం మొదట్లో మళ్లీ నాలుగుసార్లు. ఎక్కువ ఊపితే కాంట్రాస్ట్, అంటే నలుపు తెలుపుల తేడా, పెరుగుతాది, ఒకరోజు ఒకలా ఒకరోజు ఇంకోలా ఊపితే ఏ రోల్ ఎందుకట్లా వచ్చిందో అర్థం కాదు, ఒకే లయ పెట్టుకోండి. టైము అయ్యే పది సెకన్ల ముందు పారబోయడం మొదలుపెట్టి, కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్‌కి సమంగా నీళ్లు కలిపింది పోసి అర నిమిషం తిప్పి తీసేయాలి, అది డెవలపింగ్‌ని అక్కడికక్కడ ఆపేస్తాది. తర్వాత ఫిక్సర్, దానికీ నిమిషానికోసారి ఊపాలి. ఫిక్సర్ అయ్యాక మూత తీసి చూడొచ్చు, ఫిల్ము పాలు కలిపినట్టు మసగ్గా ఉంటే ఇంకో రెండు నిమిషాలు ఫిక్సర్లోనే ఉంచండి, ఏం కాదు.

కడగడానికి కొళాయి కింద అరగంట పెట్టక్కర్లేదు, మన జిల్లాలో సాలుకి 550 మిల్లీమీటర్ల వర్షం పడేదే గగనం, నీళ్లు ట్యాంకర్‌తో కొనుక్కునే ఇళ్లు ఎన్నో. ఇల్‌ఫోర్డ్ వాళ్లు చెప్పిన పద్ధతి ఉంది, ర్యాపిడ్ ఫిక్సర్ వాడితే అది చాలు: ట్యాంకు నింపి 5 సార్లు తలకిందులు చేసి పారబోయి, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ నింపి 20 సార్లు. మొత్తం ఒక లీటరు లోపే. మామూలు హైపో అయితే నేను ఇంకో రెండుసార్లు నింపి ఐదేసి నిమిషాలు నానబెడతాను. ఆఖరున బ్యాటరీ వాటర్‌లో ఫోటో-ఫ్లో లాంటిది (నీళ్లు బొట్లుగా నిలవకుండా జారిపోయేలా చేసే మందు) చుక్క రెండు చుక్కలు వేసి నిమిషం ఉంచి, నురగ రాకుండా నెమ్మదిగా తీయాలి.

ఆరబెట్టడానికి బాత్‌రూమ్ కంటే మంచి చోటు లేదు, ముందు గోడల మీద, గాల్లో నీళ్లు చిలకరించి దుమ్ము కిందికి దిగనిచ్చి, పై క్లిప్పుకి ఫిల్ము తగిలించి కింద ఇంకో క్లిప్పు బరువుకి పెట్టి తలుపు మూసేయండి. ఫ్యాను వద్దు. ఆషాఢం గాలులప్పుడు మన వీధుల్లో ఎర్ర దుమ్ము ఎట్లా లేస్తాదో తెలిసిందే, వెంటిలేటర్‌కి తడి గుడ్డ కట్టండి. తడి ఫిల్ముని వేళ్లతో, గుడ్డతో తుడవకండి, ఆ పొర అప్పుడు చానా మెత్తగా ఉంటాది. మన పొడి గాలికి రెండు గంటల్లో ఆరుతాది.

ఆరాక లైటుకి పెట్టి ఫోటోల కంటే ముందు అంచుల్లో ఉండే అంకెల్ని చూడండి, అవి ఫ్యాక్టరీలో ముద్రించినవి, కెమెరాతో సంబంధం లేదు. అంకెలు నల్లగా ఉండి ఫోటోలు పలచగా ఉంటే కెమెరాలో వెలుగు చాలలేదు. అంకెలు కూడా పలచగా ఉంటే డెవలపింగ్ చాలలేదు, టైమో వేడో చూసుకోవాలి. అంకెలు బాగుండి ఫోటోలు అసలు లేకపోతే రోల్ కెమెరాలో తిరగనే లేదు. అంకెలు కూడా లేకుండా మొత్తం అద్దంలా ఉందంటే డెవలపర్ చచ్చిపోయి ఉంది, లేదా ఫిక్సర్ ముందు పోసేశారు.

మన ఎండ గురించి కూడా ఒక మాట. గండికోటలో పెన్నా లోయ అంచున మిట్టమధ్యాహ్నం నిలబడితే బండల నీడలు కటిక నలుపు, ఆకాశం తెల్లగా మండుతుంటాది, మామూలుగా తీసి మామూలుగా కడిగితే నీడల్లో ఏమీ మిగలదు. అట్లాంటి రోల్ మొత్తాన్ని 400 ఫిల్ము అయినా 200 అని పెట్టి తీయండి, డెవలపింగ్ టైము ఐదోవంతు తగ్గించండి. నీడల్లో రాతి గరుకు కనబడుతుంది, ఎండ పడ్డ చోట కూడా వివరం నిలబడుతుంది. కొండారెడ్డి బురుజు అయినా లేపాక్షి బసవన్న అయినా ఇదే మందు. తీసిన రోల్ బండి డిక్కీలో వదిలేయకండి, ఆ వేడికి ఫిల్ము మసకబారుతాది.

వాడిన ఫిక్సర్‌లో ఫిల్ము నుంచి కరిగిన వెండి ఉంటాది, దాన్ని తూముల్లో, సెప్టిక్ ట్యాంకులో, చెట్ల మొదట్లో పోయొద్దు. ఒక క్యాన్‌లో పోసి దాచి, ఎక్స్‌రే ఫిల్ములు, హైపో కొని వెండి తీసేవాళ్లు మీ ఊళ్లో ఉంటే వాళ్లకి ఇచ్చేయండి. నెగెటివ్‌లని ఆరేసి కొన్ని ఫ్రేములకొక ముక్కగా కత్తిరించి స్లీవుల్లో (నెగెటివ్‌లు దాచే కవర్లలో) పెట్టి, స్లీవు మీద ఫిల్ము పేరు, డెవలపర్, ఎన్ని డిగ్రీలు, ఎన్ని నిమిషాలు అని రాసుకోండి, వచ్చే ఎండాకాలం టైము సరిచూసుకోవడానికి ఆ లెక్కే పనికొస్తాది.